ఎప్పుడూ టూర్లలో ఉండేవాళ్లు స్నేహితులతో టచ్‌లో ఎలా ఉంటారు? ఒక మెడికల్ రెప్ జవాబు

ఫీల్డ్ ఉద్యోగంలో కొత్తగా చేరానని, నెలలో సగానికి పైగా బయట ఊళ్లలోనే గడుస్తోందని మీరు రాశారు. కాలేజీ గ్రూపులో నలభై మంది ఉన్నా మాట్లాడేవాడు ఒక్కడూ లేడట, స్టేటస్ పెడితే అందరూ చూస్తారట కానీ ఎవరూ పలకరించరట. ఏ యాప్ వాడితే బాగుంటుందని అడిగారు.

యాప్ సంగతి తర్వాత చూద్దాం. నేను మెడికల్ రెప్‌ని, మందుల కంపెనీ తరఫున డాక్టర్లను కలవడం నా పని. హెడ్ క్వార్టర్స్ ఒంగోలు. పొదిలి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం నా ఔట్ స్టేషన్లు. మా పనిలో తిరిగేదాని కంటే ఎదురుచూసేదే ఎక్కువ. డాక్టరు గారు ఓపీ అయ్యాక పిలుస్తానంటారు. ఆ ఓపీ రాత్రి తొమ్మిదికి అవ్వచ్చు, పదిన్నరకీ అవ్వచ్చు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చోవాలి. నా స్నేహాలు ఇన్నేళ్లు నిలబడ్డాయంటే ఆ బల్లల మీద కూర్చుని పంపిన వాయిస్ మెసేజ్‌ల వల్లే. గ్రూపుల వల్ల ఒరిగింది చాలా తక్కువ.

ఎందుకంటే మనలాంటి వాళ్లకు ఫోన్ కాల్ కుదరదు. నేను చేసినప్పుడు వాడు మీటింగులో ఉంటాడు, వాడు చేసినప్పుడు నేను డాక్టరు ముందు నిలబడి ఉంటాను. ఇలా రెండుమూడు సార్లు తప్పిపోయాక చెయ్యడానికే మొహమాటం వస్తుంది. మెసేజ్ పెట్టినా అదే గొడవ. చూసి, 'తీరిగ్గా రాద్దాంలే' అనుకుంటాం. పది రోజులు గడుస్తాయి. అప్పుడు రాయాలంటే ముందు సంజాయిషీ చెప్పుకోవాలి, ఆ సంజాయిషీకి బద్ధకించి ఇంకో నెల గడిపేస్తాం. చాలా స్నేహాలు పోయేది దెబ్బలాడుకుని కాదండీ, ఇలా రిప్లై బాకీ పడిపోయి.

అందుకని మా నలుగురైదుగురి మధ్య ఒక ఒప్పందం ఉంది. ఎవరికి ఎప్పుడు తోస్తే అప్పుడు వాయిస్ పంపుతాం. విన్నవాడు జవాబు ఇవ్వాలని లేదు. నెల తర్వాత ఇచ్చినా 'సారీ రా, బిజీగా ఉన్నా' అనే మాట మాత్రం వాడకూడదు, నేరుగా విషయంలోకి వచ్చెయ్యాలి. వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది కానీ మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. జవాబు ఇవ్వాలన్న టెన్షన్ తీసేస్తే జవాబులు ఎక్కువ వస్తాయి, నా అనుభవంలో ఇది ఖాయం. మీరు ఈ మాట అవతలివాళ్లతో పైకే చెప్పండి. మనసులో అనుకుంటే వాళ్లకు తెలియదు కదా.

ఏం మాట్లాడాలన్నది రెండోది. 'ఎలా ఉన్నావ్, ఏంటి విశేషాలు' అని పంపొద్దు. అది పలకరింపులా ఉంటుంది గానీ పనంతా అవతలివాడి మీద పడేస్తుంది. ఆలోచించి విశేషాలు పోగేసుకుని చెప్పాలి పాపం. దానికి బదులు ఇప్పుడే చూసిన ఒక్క ముక్క చెప్పండి. 'గిద్దలూరులో ఉగ్గాని బజ్జీ తింటున్నా, నువ్వుంటే రెండో ప్లేటు బిల్లు నాతోనే కట్టించేవాడివి' అన్నారనుకోండి, వాడు నవ్వుతాడు, వాడికీ ఏదో గుర్తొస్తుంది. పక్కనే బస్సు హారన్లు, కండక్టరు కేకలు కూడా రికార్డవుతాయి. దూరదేశంలో ఉన్నవాళ్లకు అవే ఎక్కువ ఇష్టం. డాలస్‌లో ఉన్న మా స్నేహితురాలైతే 'బస్టాండులో మైకు వినపడేట్టు పంపు' అని అడిగి మరీ పంపించుకుంటుంది. ఒకటి రెండు నిమిషాలు చాలు. అంతకు మించితే 'ఆదివారం వింటాలే' అని పక్కన పెట్టేస్తారు.

వాయిస్ మెసేజ్‌లో ఇంకో సుఖం ఉంది. నల్లమలలో సిగ్నల్ ఉండదు. గిద్దలూరు దాటి నంద్యాల రైలెక్కితే దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె మధ్య అంతా అడవి, ఫోను చాలాచోట్ల చచ్చిపడి ఉంటుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డులోనూ అంతే. అక్కడ కాల్ మాట్లాడాలనుకుంటే విసుగే మిగులుతుంది. వాట్సాప్‌లో వాయిస్ రికార్డు చేసి పంపేస్తే మాత్రం పక్కన చిన్న గడియారం గుర్తు వేసుకుని కూర్చుంటుంది, సిగ్నల్ తగలగానే దానంతట అదే వెళ్లిపోతుంది. నాకు కిటికీ సీటు దొరికితే ఆ అడవిలో ఉన్నంతసేపూ అదే పని.

క్లినిక్ బల్ల మీద కూర్చుని వినేటప్పుడు స్పీకర్ పెట్టొద్దు. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే మామూలు కాల్ లాగా మీకొక్కరికే వినిపిస్తుంది. వినే వేగం ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు పెంచుకోవచ్చు. నీలం టిక్కులు కనపడకుండా సెట్టింగ్స్‌లో తీసేసినా, వాయిస్ విన్నట్టు మాత్రం పంపినవాళ్లకు తెలుస్తుంది, దాన్ని ఆపే వీలు లేదు. అందుకే పైన చెప్పిన ఒప్పందం ముఖ్యం. విన్నాడని తెలిసినా 'జవాబు ఇవ్వలేదే' అని ఎవరూ లెక్కపెట్టకూడదు.

విదేశాల్లో ఉన్నవాళ్ల టైము తెలుసుకుని ఉంటే మంచిది. డాలస్ మనకంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మార్చిలో, నవంబరులో వాళ్లు గడియారాలు మార్చుకుంటారు కాబట్టి ఈ తేడా. ఎండాకాలంలో మన సాయంత్రం ఆరున్నరకు అక్కడ పొద్దున ఎనిమిది, కారులో ఆఫీసుకు బయల్దేరే వేళ. అప్పుడు పంపితే దారిలో కారు స్పీకర్లోనే వినేస్తుంది. కువైట్ రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. కువైట్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. మనం ఆదివారం తీరిగ్గా పలకరిస్తే వాళ్లు డ్యూటీలో ఉంటారు. దుబాయ్‌లో మామూలు వాట్సాప్ కాల్స్ పనిచెయ్యవు, అక్కడి నిబంధనలు అలాంటివి. మెసేజ్‌లు, వాయిస్‌లు మాత్రం బాగానే వెళ్తాయి. కొత్తగా వెళ్లిన స్నేహితుడు కాల్ ఎత్తడం లేదని చాలామంది నొచ్చుకుంటుంటారు, వాడి తప్పేమీ లేదు.

ఇక ఆ నలభై మంది గ్రూపు. దాన్నుంచి ఏమీ ఆశించకండి, బయటికి కూడా రావద్దు. ఎప్పటికీ మ్యూట్‌లో పెట్టి ఆర్కైవ్ చెయ్యండి. పొద్దున్నే దేవుడి బొమ్మలు, శుభోదయాలు, రాజకీయాల మీద రెండు వర్గాలు, పుట్టినరోజుకు ఒకే కేకు బొమ్మ ముప్ఫై సార్లు... మీకు తెలియనిది కాదు. ఎవరి ఫోన్ నంబరైనా కావాలంటే, ఎవరింట్లోనైనా మంచో చెడో జరిగితే ఆ గ్రూపు పనికొస్తుంది. అంత మంది ముందు ఎవరూ 'ఈ నెల జీతం రాలేదురా' అని చెప్పుకోరు. ఆ మాట చెప్పుకోవాలంటే ఐదుగురు దాటని గ్రూపు ఉండాలి, లేదా విడిగా మాట్లాడుకోవాలి.

పెద్ద గ్రూపు బాగా పనిచేసే సందర్భం ఒకటుంది, సంక్రాంతి. అందరూ ఊళ్లకు వస్తారు కాబట్టి కలుద్దామంటారు. 'ఎప్పుడు కలుద్దాం' అని అడిగితే రెండొందల మెసేజ్‌లు వస్తాయి, తేదీ మాత్రం తేలదు. ఒక్క పోల్ పెట్టి కనుమ సాయంత్రమా, ఆ మర్నాడా అని రెండే రెండు ఎంపికలు ఇవ్వండి. ఎక్కువ ఓట్లు వచ్చిన రోజుకు హోటలు మాట్లాడేసెయ్యండి. రానివాడు ఎలాగూ రాడు.

స్టేటస్ గురించి నా అభిప్రాయం కాస్త వేరు. చూసినవాళ్లు పలకరించలేదని బాధపడుతున్నారు గానీ, పలకరించడానికి అందులో ఏముందో కూడా చూడాలి. బస్సు కిటికీలోంచి తీసిన సూర్యాస్తమయానికి ఎవరైనా ఏం రాస్తారు? 'రేపు మార్కాపురంలో ఉంటున్నా, సాయంత్రం ఏడింటి దాకా ఖాళీ' అని పెట్టి చూడండి. అందులో ఆ ఊరివాడు ఒక్కడుంటే చాలు, ఫోన్ వస్తుంది. అయితే ఆ స్టేటస్ మొత్తం కాంటాక్టులకు కనపడేలా పెట్టొద్దు. ఇంట్లో మీరు లేరని పాలవాడి దగ్గర్నుంచి మందుల స్టాకిస్టు దాకా అందరికీ చెప్పినట్టవుతుంది. ఎంచుకున్న కొందరికే కనపడేలా పెట్టుకునే వీలుంది, అది వాడండి. ఆసుపత్రులకు వెళ్లే పని మీదైతే వెయిటింగ్ హాల్లో ఫోటోలు అసలే వద్దు, వెనకాల ఎవరో పేషెంటు ముఖం పడుతుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో మా తమ్ముడి వయసు కుర్రాళ్లు రోజంతా రీల్స్ పంపుకుంటారు. అదీ టచ్‌లో ఉండటమే అంటారు వాళ్లు. కావచ్చు. నాకైతే రీల్‌తో పాటు ఒక్క మాటైనా రాయకపోతే పోస్టులో వచ్చిన కరపత్రంలా ఉంటుంది. ఫేస్‌బుక్‌ని పాతవాళ్లను వెతికి పట్టుకోవడానికి ఉంచుకున్నాను, దొరికాక సంభాషణ వాట్సాప్‌కి మారిపోతుంది. అందుకే యాప్ ఏదన్న మీ ప్రశ్నకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. అవతలివాడు ఏది రోజూ తెరుస్తాడో అదే.

ప్రయాణాల్లో ఉండేవాళ్లకు రెండు జాగ్రత్తలు. మొబైల్ డేటాలో ఫోటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపెయ్యండి, లేదంటే గ్రూపుల చెత్తతో మధ్యాహ్నానికే ఆ రోజు డేటా అయిపోతుంది. బైకు మీద తిరిగేవాళ్లయితే ఫోను జేబులో కాదు, బ్యాగులో పెట్టండి. జేబులో ఉంటే టింగుమన్నప్పుడల్లా చెయ్యి అటే పోతుంది.

డబ్బు సంగతి ఒకటి చెప్పాలి. స్నేహితుడి ఫోటో పెట్టుకుని 'అర్జంటుగా పాతికవేలు కావాలి, సాయంత్రం ఇచ్చేస్తా' అని మెసేజ్‌లు వస్తున్నాయి. ఒక్కోసారి నిజంగా వాడి నంబరు నుంచే వస్తాయి, ఎవరో ఓటీపీ కాజేసి వాడి వాట్సాప్ అకౌంటు లాక్కుని ఉంటారు. బస్సు దిగే హడావుడిలో ఉన్నప్పుడు ఆలోచించకుండా పంపేస్తాం. వాయిస్‌ల అలవాటున్న మాకు ఇక్కడ కొంత లాభం. ఎప్పుడూ మాట్లాడేవాడు హఠాత్తుగా టైపు చేసి డబ్బడిగితేనే అనుమానం వస్తుంది. అయినా సరే, మామూలు ఫోన్ కాల్ చేసి మాట్లాడాకే పంపండి. పొరపాటున పంపేస్తే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. మీ వాట్సాప్ అకౌంటుకు టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే ఓటీపీతో పాటు మీ పిన్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోవడం మాత్రం ఈ రోజే చేసెయ్యండి.

చివరగా, టూర్ల ఉద్యోగానికి ఉన్న సుఖాన్ని మీరింకా వాడుకున్నట్టు లేదు. ఆఫీసులో కూర్చునేవాడికి స్నేహితుడి ఊరు వెళ్లాలంటే సెలవు పెట్టాలి, మనకు అదే రూటు. కనిగిరి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే మా క్లాస్‌మేట్ చేతిలో ఇప్పటికీ బటన్ల ఫోనే. వాడు ఏ గ్రూపులోనూ లేడు, ఏ స్టేటస్సూ చూడడు. అందరికంటే ఎక్కువసార్లు కలిసేది మాత్రం వాడినే. వచ్చే నెల టూర్ ప్రోగ్రామ్ మేనేజరుకు పంపే ముందు, ఏ ఊళ్లో ఎవరున్నారో ఒకసారి మీ కాంటాక్టులు చూసుకోండి. వీలుంటే రాత్రి బస ఆ ఊళ్లో పడేట్టు వేసుకోండి. వస్తున్నట్టు పొద్దున్నే చెప్పండి, రాత్రి తొమ్మిదింటికి గుమ్మంలో నిలబడితే పాపం వాళ్లు మళ్లీ ఎసరు పెట్టుకోవాలి.