టెక్ సందేహాలు: ఎక్కడ నొక్కినా ‘బటన్, బటన్’ అంటోంది

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా బావగారి కర్రీ పాయింట్‌కి ఆండ్రాయిడ్ ఆర్డర్ యాప్ నేనే చేశాను. మొన్న చూపు లేని కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, ఎక్కడ నొక్కినా ‘బటన్, బటన్’ అనే వినిపిస్తోంది, ఆర్డర్ పెట్టలేకపోతున్నానన్నారు. యాప్ మొత్తం మళ్లీ రాయాలా?

జవాబు: అక్కర్లేదండీ. ముందు ఆయనకి థాంక్స్ చెప్పండి, ఎందుకంటే చాలామంది ఫోన్ కూడా చేయరు, యాప్ తీసేసి ఊరుకుంటారు.

మీ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి, తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది. కుడివైపు స్వైప్ చేస్తే తర్వాతి ఐటమ్ చదువుతుంది, రెండుసార్లు తడితే అది నొక్కినట్టు. ఇప్పుడు కళ్లు మూసుకుని ఒక ప్లేటు గుత్తివంకాయ ఆర్డర్ పెట్టి చూడండి, ఆయన పడ్డ ఇబ్బంది మీకే తెలుస్తుంది. బొమ్మ మాత్రమే ఉన్న బటన్లకి మీరు పేరు పెట్టలేదు, అదీ సంగతి. కోడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్ అని ఉంటుంది, అక్కడ రాయాలి. ఉత్త ‘ప్లస్’ అని రాస్తే చాలదు, పది కూరలుంటే పది ప్లస్‌లు వినిపిస్తాయి. ‘గుత్తివంకాయ, ఒకటి పెంచు’ అని రాయండి.

రోజూ మెనూ బోర్డు ఫొటో తీసి పెడుతుంటే అది మానేయండి. ఫొటోలో అక్షరాలున్నా, టెక్స్ట్‌గా ఉన్నంత నమ్మకంగా టాక్‌బ్యాక్ వాటిని చదవలేదు. టైప్ చేసేటప్పుడు కూడా యూనికోడ్ తెలుగే, అంటే ఫోన్ కీబోర్డులో వచ్చే తెలుగే, వాడాలి. డీటీపీ వాళ్లిచ్చే పాత అను ఫాంట్ల మేటర్ కంటికి తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే, స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది.

బటన్ సైజు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర మీది సైజుకి వాడే కొలత) ఉండనివ్వండి, చేతులు వణికేవాళ్లకి అది చాలా అవసరం. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద లేత బూడిద రంగులో ధరలు వద్దు, మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ బ్యాక్‌గ్రౌండ్‌కీ వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలి. గూగుల్ వాళ్ల యాక్సెసిబిలిటీ స్కానర్ ఉచితం, ఈ రెండూ అదే పట్టిస్తుంది.

ఇది దయతో చేసే పని అనుకోవద్దు. బ్యాంకు ఈకేవైసీలో, అంటే ఆన్‌లైన్‌లో మనం ఎవరో నిర్ధారించుకునేటప్పుడు, కళ్లు ఆర్పమంటే యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఏం చేయాలి? అలాంటి కేసులోనే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది.

మార్పులు చేశాక అప్‌డేట్ వెంటనే వదిలేయకండి. ఆ ఫోన్ చేసినాయనకే ముందు పంపి, ఒక ఆర్డర్ పెట్టి చూడమనండి.