కంపెనీ దివాలా కేసులతో విజయవాడలో బతకొచ్చా?

లా ఫైనలియర్ తమ్ముడు అడిగాడు: దివాలా, కంపెనీ కేసుల ప్రాక్టీసు విజయవాడలో పెడితే గిట్టుబాటవుతుందా, హైదరాబాద్ వెళ్లాలా అని. నేను గుంటూరు బ్రాడీపేటలో ఈ పనే చేస్తున్నాను. పనికి కరువు లేదు, మర్యాదకే కరువు. మొన్న ఓ పెళ్లిలో మా బావమరిది నన్ను "ఐపీ లాయరు" అని పరిచయం చేస్తే, అవతలాయన "ఈమధ్య ఎవరికి ఎగ్గొట్టించారు?" అన్నాడు. చీటీల వాడు చేతులెత్తేసి పెట్టే ఐపీ 1920 నాటి చట్టం కింద సివిల్ కోర్టులో నడుస్తుంది. మాది 2016 దివాలా కోడ్, కంపెనీల మీద, ఎన్సీఎల్టీలో, అంటే కంపెనీ కేసుల ట్రిబ్యునల్‌లో. ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కదు.

ఎన్సీఎల్టీకి అమరావతి బెంచి 2019లో మంజూరైంది. అప్పీలుకు ఎలాగూ చెన్నై. వాదనలు చాలావరకు వీడియోలో అయిపోతున్నాయి, మన వంతు వచ్చేసరికి కరెంటు పోకుండా ఉంటే చాలు. ఇక హైదరాబాద్‌లో అద్దె కట్టుకుంటూ కూర్చోవడం ఎందుకు?

నన్నడిగితే ఈ పనికి సెక్షన్ల కన్నా ఖాతా పుస్తకం ముఖ్యం. ఇది నాకు 2022లో బాగా తెలిసొచ్చింది. ఓ జిన్నింగ్ మిల్లు పెద్దాయన వచ్చాడు. స్పిన్నింగ్ కంపెనీ ఒకటి బేళ్లు తీసుకుని 1 కోటి 18 లక్షలు బాకీ పడింది. కంపెనీ మీద దివాలా పిటిషన్ వేయడానికి ఉండాల్సిన కనీస బాకీని 2020లో లక్ష నుంచి కోటికి పెంచారు కాబట్టి, కోటి దాటిన బాకీ అనగానే నాకు హుషారొచ్చింది. బిల్లులు, లారీ రసీదులు, కాటా చీటీలు అన్నీ జత చేసి, బాకీ కట్టమని సెక్షన్ 8 నోటీసు పంపాను. జవాబుకు 10 రోజులు గడువు. ఎనిమిదో రోజే వచ్చింది.

దాంతోపాటు ఓ పాత ఉత్తరం నకలు. "మీ సరుకులో నిమ్ము ఎక్కువ, రేటు తగ్గిస్తేనే డబ్బు" అని మా నోటీసుకు ఐదు నెలల ముందే రాశారు. పెద్దాయన్ని పిలిపించి అడిగాను. ఎర్ర అట్ట పుస్తకం తెరిచి, పేజీల మధ్య నుంచి నాలుగు మడతలు పెట్టిన అసలు ఉత్తరం తీశాడు. మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి.

"ఇది చెప్పలేదేం?"

"నిమ్ముందని ఎవరనరు లాయర్ గారూ? బేరం కోసం అంటారు. అదీ ఓ గొడవేనా?"

నోటీసుకు ముందే నిజమైన వివాదం ఉంటే ఈ పిటిషన్ నిలవదని సుప్రీంకోర్టు 2017లోనే మోబిలాక్స్ కేసులో చెప్పేసింది. ఆ తీర్పు నాకు కంఠతా వచ్చు. పుస్తకం తిరగేయడమే నాకు తోచలేదు. అయినా వేశాం, ఓడాం. ఇప్పుడు సివిల్ దావా నడుస్తోంది, వాయిదాల మీద వాయిదాలు.

కాబట్టి తమ్ముడూ, ముందు ఓ రెండేళ్లు మంచి ఆడిటర్ దగ్గర కూర్చో. ఇంట్లో వాళ్లు గొణుగుతారు, గొణగనీ.

అన్నట్టు, నెల క్రితం పెద్దాయన అదే కంపెనీకి మళ్లీ 50 బేళ్లు అమ్మాడట. ఈసారి నగదుకు.