గట్టు జోలికి పోవద్దు

చిరంజీవి రఘుకు పెదనాన్న ఆశీస్సులు.

హోసకోట దగ్గర రెండెకరాలు కొన్నావని, వచ్చే వారం జేసీబీ పెట్టి గట్లన్నీ చదును చేయిస్తావని మీ నాన్న చెప్పాడు. పొలం కొన్నందుకు సంతోషం. జేసీబీని మాత్రం ఆపు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పొలం కొన్న చాలామందికి మొదట తోచే పని అదే. నాకూ అదే తోచింది. చింతామణిలో మన పొలం గట్లు తీయించి అంతా ఒకే చెక్కగా చేయించాను. చూడటానికి ముచ్చటగానే ఉంది. ఆ ఏడాది రెండు పెద్ద వానలకే పైమన్నంతా చెరువుకు చేరింది. మిగిలిన గరుసు మీద మూడేళ్ళు రాగి మోకాలెత్తు దాటలేదు. మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

గట్టు మీద కానుగ చెట్టు ఉందట కదా. రొట్ట కోసి దుక్కిలో తొక్కిస్తే ఎరువు. పూతకు తేనెటీగలు వస్తాయి. కొమ్మ మీద పసుల పోలిగాడు పిట్ట కాపు కాసి ఎగిరే పురుగును ఎగిరినట్టే పట్టుకుంటుంది. కూలి అడగదు.

జీవామృతానికి, అంటే నేలకు పోసే పులిసిన ద్రావణానికి, నువ్వు రాసుకున్న లెక్క సరైనదే. ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి. ఆ పైన గుప్పెడు మట్టి, మందులు పడనిది. అది దొరికేది గట్టు మీదే! డ్రమ్మును నీడలో పెట్టి, గోనెపట్టా కప్పి, పూటకోసారి కర్రతో తిప్పు. 48 గంటలకు పులిసిన వాసన వస్తుంది. అయితే దాని మీద కొందరికున్నంత గురి నాకు లేదు. రొట్ట, పెంట ఎరువు చూడని నేలకు డ్రమ్ముతో ప్రాణం రాదు.

ఏం విత్తాలో ఫోనును కాదు, పక్క చేను రైతును అడుగు. ఆంధ్రలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో కూడా తోటి రైతులకు నేర్పేది సాగు చేసే రైతులే. హోసకోట వైపు చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు, కన్నడ రాదన్న సాకు చెల్లదు. పంటలు కలిపి వేయడాన్ని అక్కడివాళ్ళు కన్నడంలో 'అక్కడి సాలు' అంటారు. రాగి మధ్య మధ్య ఒక సాలు అనుములు, ఒక సాలు కంది, అంచున ఆముదం, ఆవాలు. రాగి కోసేశాక అనుములు మంచుకే కాస్తాయి. చలికాలం పొద్దున నాలుగు కాయలు తుంచి చూడు, ఆ నూనె వాసన వేళ్ళను వదలదు. ఒక పంటకు వాన మొహం చాటేసినా ఇంకొకటి చేతికి వస్తుంది.

ఒక్కచోట జేసీబీకి ఒప్పుకుంటాను. పొలంలో పాత నీలగిరి మొద్దులుంటే పెకలించెయ్యి, లేకపోతే మళ్ళీ చిగురిస్తాయి. కొత్తగా నీలగిరి నాటడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. బండి గట్టు తొక్కకుండా నువ్వు పక్కనే నిలబడాలి. ఆదివారం పొద్దునే కారు పంపు, నేనూ వస్తాను.

మీ పెదనాన్న