టెక్ సందేహాలు: గాంధారం తగ్గిందంటున్న ట్యూనర్ యాప్

ప్రశ్న: మా అమ్మాయి ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని 1 శ్రుతిలో సాధన చేస్తుంది. ట్యూనర్ యాప్ పంచమం సరిగానే ఉందని చూపిస్తూ, అంతర గాంధారం మాత్రం ప్రతిసారీ 14 సెంట్లు తగ్గిందంటోంది. కీబోర్డు వాయిస్తే ఏ తేడా చూపడం లేదు. తప్పు పాటలో ఉందా, యాప్‌లోనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీ అమ్మాయి శ్రుతిలోనే పాడుతోంది, నిశ్చింతగా ఉండండి. 1 శ్రుతి షడ్జమాన్ని 261.63 హెర్ట్జ్‌గా తీసుకుంటే, తంబూరాలోని షడ్జమం తీగ ఆ పౌనఃపున్యంతో పాటు దానికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్లున్న నాదాలను కూడా పలుకుతుంది. ఆ ఐదో రెట్టే సంగీతజ్ఞులు చెప్పే స్వయంభూ గాంధారం. దాన్ని రెండు స్థాయులు కిందికి దించితే, అంటే రెండుసార్లు సగం చేస్తే, షడ్జమానికి 5/4 రెట్లు, అంటే 327.04 హెర్ట్జ్ వస్తుంది. తంబూరా వింటూ పాడే గొంతు సహజంగా అక్కడే నిలుస్తుంది.

కీబోర్డు గాంధారం 329.63 హెర్ట్జ్. అందులో ఒక స్థాయిని 12 సమాన మెట్లుగా చేయడానికి, ప్రతి మెట్టుకూ 2 యొక్క పన్నెండో మూలమైన 1.059463తో గుణిస్తారు, ఆ మెట్టులో నూరో భాగమే సెంటు. ఈ ఏర్పాటుకు కారణం పంచమమే. 3/2ను పన్నెండుసార్లు గుణిస్తే 129.75 వస్తుంది, ఏడు స్థాయులు ఎక్కితే వచ్చేది 128. మిగిలిపోయిన ఆ 23.46 సెంట్లను పన్నెండు పంచమాలకూ సమానంగా పంచితే ఒక్కోటి 2 సెంట్లలోపే తగ్గుతుంది కాబట్టి మీ యాప్‌కు పంచమంలో తేడా కనబడలేదు. గాంధారం మాత్రం 13.7 సెంట్లు పైకి జరిగింది. చైనాలో మింగ్ రాజవంశీకుడు జు జైయు 1584 నాటికే ఈ మూలాన్ని లెక్కగట్టాడు. దీనివల్ల ఏ మెట్టును షడ్జమం చేసుకున్నా ఒకే తీరుగా వాయించవచ్చు, అది చిన్న సౌకర్యం కాదు.

తేడాను మీరే వినవచ్చు. తంబూరా యాప్ మోగుతుండగా కీబోర్డులో గాంధారం మెట్టు నొక్కి పట్టుకోండి. షడ్జమపు ఐదో రెట్టు 1308, గాంధారపు నాలుగో రెట్టు 1318.5 హెర్ట్జ్ కనుక, సెకనుకు పదిసార్లు నాదం అదురుతుంది. మీ ట్యూనర్ సెట్టింగ్స్‌లో టెంపరమెంట్ (స్వరాల మధ్య దూరాలను నిర్ణయించే పద్ధతి) ఎంపిక ఉంటే, ఈక్వల్ (సమాన మెట్లు) నుంచి జస్ట్ (5/4 వంటి సహజ నిష్పత్తులు)కు మార్చి, ఆధార స్వరంగా సి, అంటే 1 శ్రుతి షడ్జమం, ఎంచుకోండి. స్కేల్ ట్యూనింగ్ (ఒక్కో మెట్టును విడిగా సరిచేసే సౌకర్యం) ఉన్న కీబోర్డులో ఈ మెట్టును 14 సెంట్లు తగ్గించవచ్చు, అయితే శ్రుతి మార్చినప్పుడల్లా మళ్లీ సరిచేయాలి. గమకంతో పలికే స్వరానికి ఏ ట్యూనరూ కొలమానం కాదు కాబట్టి, సాధన వేళ దాన్ని పక్కన పెట్టి తంబూరానే నమ్మమని నా సలహా.

ప్రశ్న: పైథాన్‌లో చిన్న పియానో రాస్తున్నాను. సి, సి షార్ప్‌ల మధ్య తేడా 15.55 హెర్ట్జ్ కదా అని ప్రతి మెట్టుకూ అంతే కలిపితే పై స్వరాలు అపశ్రుతి పలుకుతున్నాయి.
– ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: స్వరాల మధ్య దూరం నిష్పత్తిలో ఉంటుంది, కలపకూడదు, గుణించాలి. మీ పద్ధతిలో పన్నెండో మెట్టు 448 దగ్గరే ఆగిపోతుంది, చేరవలసింది 523.25. మిడి సంఖ్య (కంప్యూటర్ సంగీతంలో ప్రతి మెట్టుకూ ఇచ్చే వరుస సంఖ్య) నుంచి 69 తీసివేసి, 12తో భాగించి, 2ను ఆ ఘాతానికి హెచ్చించి, 440తో గుణించండి. మధ్య సి సంఖ్య 60. గుణకాన్ని 1.06గా సవరించి వరుసగా గుణించుకుంటూ పోవద్దు. ఒక్క స్థాయిలోనే 10 సెంట్లకు పైగా తేడా పేరుకుంటుంది.