రక్షణ ఉచితమైతే విశ్వాసికి బహుమానం దేనికి?

రక్షణ కృపవల్ల ఉచితంగా లభించేదైతే, నమ్మకంగా జీవించినవారికి మళ్లీ బహుమానం ఎందుకని హనుమకొండ సోదరుడొకరు అడిగారు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. రక్షణ క్రియల ఫలం కాదని ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. బహుమానం సంగతి మొదటి కొరింథీయులకు 3వ అధ్యాయంలో ఉంది: క్రీస్తు అనే పునాదిమీద ఎవరు ఏమి కట్టారో అగ్ని పరీక్షిస్తుందనీ, నిలిచిన పనికి జీతం దొరుకుతుందనీ, పని కాలిపోయినవాడు నష్టపోయినా తాను మాత్రం రక్షింపబడతాడనీ పౌలు అక్కడ వివరించాడు.

శోధన సహించినవారికి జీవకిరీటమని యాకోబు, సంఘమనే మందను కాసిన పెద్దలకు వాడబారని మహిమకిరీటమని పేతురు రాశారు. వీటిని బంగారు నగల్లా ఊహించుకోవడం (మన ప్రసంగాల్లో ఇది కాస్త ఎక్కువే) సరికాదని నా అభిప్రాయం. ప్రకటన గ్రంథం 4వ అధ్యాయంలో పరలోకంలోని పెద్దలు తమ కిరీటాలను సింహాసనం ముందే వేసేస్తారు. దేవుని సన్నిధిలో నిత్యం ఉండటమే అసలు బహుమానం.

వరంగల్ ఎండల్లో చలివేంద్రం దగ్గర పేరు చెప్పుకోకుండా క్రీస్తు నిమిత్తం నీళ్లు పోసేవారికి మత్తయి సువార్త 10వ అధ్యాయంలోని, గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు కూడా తన ఫలం పోగొట్టుకోడన్న వాగ్దానం వర్తిస్తుంది. ఫ్లెక్సీ కట్టించుకుని పోసేవారికి మాత్రం, అదే సువార్త 6వ అధ్యాయం ప్రకారం, జీతం ఇక్కడే ముట్టినట్టు.