మిలిటరీ మాధవరం మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

మీ బ్యాచ్ పంపిన డ్రాఫ్టు మొత్తం చదివాను. కష్టపడ్డారు, అది కనబడుతోంది. కానీ మొదటి వాక్యమే "దేశభక్తిని ఉగ్గుపాలతో రంగరించి పోసిన ఊరు" అని ఎత్తుకున్నారు చూడు, అక్కడే నాకు నీరసం వచ్చేసింది. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం అనే ఊరుందని, ఇంటికొకరు మిలిటరీకి వెళ్తారని, ఊళ్లో అమర జవాన్ల స్థూపం ఉందని, మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారని పేపర్లవాళ్లు, యూట్యూబ్ వాళ్లు ఆగస్టు 15 వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నారు. అదే మళ్లీ చెప్పడానికి మీరెందుకు?

ఆ అంకెలే తీసుకో. వాటిని చూసి పొంగిపోయి వదిలేశారు గానీ, పాతికేళ్లలో 90 కాస్తా 1,110 ఎలా అయిందని మీలో ఒక్కరైనా అడిగారా? దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారని తెల్లదొరలకి గట్టి నమ్మకం ఉండేది, మొదటి యుద్ధం అయ్యాక మద్రాసు పదాతి దళాలను దాదాపుగా ఎత్తేశారు, శాపర్లు, అంటే వంతెనలు, దారులు వేసే ఇంజనీరింగ్ దళం వాళ్లు మాత్రం మిగిలారు. తర్వాత 1939లో మళ్లీ యుద్ధం వచ్చింది. అప్పటికి సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలు దాటింది, మనుషులు దొరికితే చాలన్న పరిస్థితిలో మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టారు. అంటే మీ ఊరి కుర్రాళ్ల ధైర్యం ఒక్కటే కాదు, వాళ్లకి తలుపు ఎప్పుడు మూశారు, ఎప్పుడు బార్లా తెరిచారు అన్నది కూడా కథే. ఆ మధ్య కాలంలో సిపాయిల కొడుకులు ఏం చేశారు? పొలం పనికి వెళ్లారా, రంగూన్ ఓడెక్కారా? నేనైతే అక్కడ మొదలుపెడతాను.

పేర్లు వెతకడం గురించి అడిగావు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వాళ్ల వెబ్‌సైట్‌లో రెండు యుద్ధాల్లో చనిపోయినవాళ్ల పేర్లున్నాయి, చాలావాటికి తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా ఉంటాయి. కానీ పశ్చిమ గోదావరి అని కొడితే మొదటి యుద్ధం వాళ్లు దొరకరు. ఆ జిల్లా పుట్టిందే 1925లో, అంతకుముందు ఆ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది, దాన్ని ఇంగ్లీషులో కిస్ట్నా అని రాసేవాళ్లు. ఊరి పేరు ఏ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది కాబట్టి నాలుగైదు రకాల స్పెల్లింగులతో చూడండి. ఇంకో సంగతి, మొదటి యుద్ధంలో మన సైనికులు ఎక్కువమంది వెళ్లింది మెసపొటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్‌కి. అక్కడి బస్రా స్మారకం మీద భారతీయ ఆఫీసర్ల పేర్లు చెక్కారు గానీ, మామూలు సిపాయిలకి రెజిమెంటువారీగా అంకె ఒక్కటే వేసి ఊరుకున్నారు. ఇది చదివాక మీ డ్రాఫ్టులో ఆ 90 అంకెని ఒకసారి చూడు, మీరు చేసింది కూడా అదే కదా?

ఇక ఇళ్లల్లో ఉన్న సరుకు. మెడల్ కనబడితే అందరూ ముందు వైపు ఫోటో తీసి పెట్టేస్తారు. గుండ్రటి మెడల్ అయితే అంచు చూడండి, నక్షత్రం ఆకారంలో ఉంటే వెనక్కి తిప్పండి. భారత సైన్యానికి ఇచ్చిన వాటి మీద మామూలుగా నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ పొడి అక్షరాల్లో కొట్టి ఉంటాయి. ఆ ఒక్క లైను దొరికిందంటే ఆయన బెంగుళూరు శాపరా, ఆస్పత్రి మనిషా, లారీ డ్రైవరా అన్నది తెలిసిపోతుంది. రిబ్బన్ మధ్యలో ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలంలో నారింజ గీత ఉంటే అది బర్మా స్టార్, రెండో యుద్ధంలో బర్మా వైపు పనిచేసినవాళ్లకి ఇచ్చిన మెడల్. దయచేసి చింతపండు పెట్టి తోమనివ్వొద్దు, మీరు ఫోటో తీస్తారని తెలిస్తే ముచ్చటపడి తోమేస్తారు, అరిగిన అక్షరం కాస్తా పోతుంది.

ఉత్తరాలు దొరికితే అదృష్టమే. కాకపోతే ఫ్రమ్ అడ్రసులో "కేరాఫ్ 56 ఏపీఓ" అనో, "99 ఏపీఓ" అనో ఆర్మీ పోస్టాఫీసు నంబరు ఉంటుంది తప్ప ఊరుండదు, కావాలనే అలా పెట్టారు. మనిషి ఎక్కడున్నాడో ఆ ఇన్‌లాండ్ కవరు చెప్పదు. "ఇక్కడ చలి ఎక్కువగా ఉంది, స్వెట్టర్లు ఇచ్చారు" లాంటి లైను చూసి, తేదీ చూసి, యూనిట్ చరిత్రతో కలిపి మీరే తేల్చుకోవాలి.

మీరు మాట్లాడినవాళ్లలో ఆడవాళ్లు ఒక్కరూ లేరు, ఇది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయిన ఆవిడే మీకు కావలసిన మనిషి. ఏడాదికో రెండేళ్లకో సెలవు మీద వచ్చే మొగుడు, ఈలోపు కౌలు ఎవరు వసూలు చేశారు, మనియార్డరు ఎవరి పేరు మీద వచ్చేది, అత్తగారి పేరు మీదా ఆవిడ పేరు మీదా? చదువు రానివాళ్లకి ఉత్తరం ఎవరు చదివి పెట్టేవాళ్లు? పోస్ట్‌మ్యానే చదివితే ఆవిడ జవాబులో ఏం రాయించగలదు, ఏం మింగేసేది? ఆ ప్రశ్నలు నువ్వు అడగాలి, మీ బ్యాచ్‌లో మగపిల్లలు అడిగితే చెప్పరు. అలాగే ఊరంటే సెంటర్లో అరుగు మీద కూర్చునేవాళ్లే కాదు. ఏ పేట నుంచి ఎవరు వెళ్లారు, యూనిఫాం వేసుకుని తిరిగొచ్చిన మనిషిని ఊరు ఎలా పిలిచింది, ఎక్కడ కూర్చోబెట్టింది అని ఆరా తీయండి. సమాధానం అన్ని పేటల్లో ఒకేలా వస్తే నాకు అనుమానమే.

ఎందుకు చేరావు అని అడగగానే దేశం కోసం అంటారు. అబద్ధం కాదు, కానీ కాసేపు ఆగితే జీతం, పెన్షన్, క్యాంటీన్, చెల్లెలి పెళ్లి అన్నీ వస్తాయి. వాటిని రాస్తే ఊరి పరువు పోతుందని టెన్షన్ పడకండి. 2022లో అగ్నిపథ్ అని సైన్యంలో కొత్త భర్తీ పథకం వచ్చింది, నాలుగేళ్ల సర్వీసు, పెన్షన్ లేదు, బ్యాచ్‌లో 25 శాతం వరకే రెగ్యులర్‌గా తీసుకుంటారు. పెన్షన్ మీద నిలబడ్డ ఊళ్లో పొద్దున్నే రన్నింగ్ చేసే కుర్రాళ్లు దాని గురించి ఏమనుకుంటున్నారో మీ డ్రాఫ్టులో ఒక్క ముక్క లేదు.

ఒక జాగ్రత్త. ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ల యూనిట్, పోస్టింగ్ ఎక్కడా రాయొద్దు, వాళ్ల అమ్మ సంతోషంగా చెప్పినా సరే. డిశ్చార్జ్ బుక్కు, పెన్షన్ కాగితాలు ఫోటో తీస్తే మీ దగ్గరే ఉంచుకోండి, వాట్సాప్ గ్రూపులో పడేయకండి.

ఊరంతా ఒకేసారి రాయాలనే ఆలోచన పక్కన పెట్టి, ఒక్క ఇల్లు తీసుకోండి. ముత్తాత నుంచి మనవడి దాకా, వెళ్లినవాళ్లు, వెళ్లనంటే వెళ్లనన్నవాడు కూడా, అందరూ రావాలి. రాశాక నాకు పంపే ముందు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఆ ఇంటికి ఇవ్వండి, చదవలేని పెద్దావిడ ఉంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఆవిడ ఇది తీసెయ్ అంటే వాదన పెట్టుకోకుండా తీసెయ్యండి, ఇది తప్పు అంటే మాత్రం పెన్ను తీసి రాసుకోండి.

ఉంటాను.