కొలంబస్ నమ్ముకున్నది లెక్కలనా, బైబిల్‌నా?

రెండింటినీ. భూమి గుండ్రమని చదువుకున్నవాళ్లకు అప్పటికే తెలుసు, పేచీ అంతా పడమరగా సముద్రం దాటి ఆసియా చేరడానికి ఎంత దూరమన్న దగ్గరే. మధ్యయుగ ఖగోళ శాస్త్రవేత్త అల్ ఫర్గానీ చెప్పిన అరబ్ మైలును పొట్టి ఇటాలియన్ మైలుగా లెక్కేసి, కొలంబస్ భూమిని దాదాపు పావు వంతు కుదించేశాడు. పైగా భూమిలో ఏడింట ఆరు వంతులు నేలేనన్న, బైబిల్‌కు అనుబంధమైన ఎస్ద్రా గ్రంథం మాట తోడైంది, అంటే దాటాల్సిన సముద్రం తక్కువేనని. తప్పుడు లెక్కకు దైవవాక్యం సాక్ష్యమన్నమాట!

1504 ఫిబ్రవరి 29న జమైకాలో మాత్రం పంచాంగం ఆదుకుంది. తిండి ఇవ్వడం మానేసిన స్థానికులను, దేవుడు కోపంతో చంద్రుణ్ణి మాయం చేస్తాడని బెదిరించాడు. గ్రహణం పట్టగానే ఆహారం వచ్చేసింది. నా దృష్టిలో అది భక్తి కాదు, మోసమే. అయినా భక్తి నిజమైనదే. తన యాత్రకు తర్కం, గణితం, పటాలు అక్కరకు రాలేదని, బైబిల్ ప్రవక్త యెషయా ప్రవచనమే నెరవేరిందని అంతకుముందే స్పెయిన్ రాజదంపతులకు రాశాడు.